మంటలేని పొయ్యి మూత విప్పితే

కొట్లో ఇండక్షన్ స్టవ్ కొనేటప్పుడు మనం నల్లటి అద్దాన్ని, బటన్లను, వారంటీ కార్డును చూసి డబ్బులిచ్చి వచ్చేస్తాం. దాని అసలు రూపం చూడాలంటే అది చెడిపోవాలి. నెల్లూరు జిల్లా ఆత్మకూరులో మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే షాపుల బల్లల మీద ఇప్పుడు ఈ స్టవ్వులు కూడా వరసగా కనిపిస్తున్నాయి. అడుగున స్క్రూలు విప్పి, అద్దం మూత పక్కన పెట్టగానే బయటపడే సామాను చూస్తే, ఇంత తక్కువ ధరకు అమ్మే వస్తువులో ఇంత ఆలోచన ఎలా పట్టిందా అనిపిస్తుంది. పొయ్యి అన్నాక వేడి పుట్టించాలి. కానీ దీన్ని తయారుచేసినవాళ్ల బుర్రంతా ఇంకో ప్రశ్న చుట్టూ తిరిగింది: వేడి ఎక్కడెక్కడ పుట్టకూడదు? కాయిల్లో పుట్టకూడదు, బోర్డులో పుట్టకూడదు, అద్దంలో పుట్టకూడదు. గిన్నె అడుగున మాత్రమే పుట్టాలి. ఈ పొయ్యి పనితనమంతా ఆ కట్టడిలో ఉంది.

ముందు కాయిల్. జానెడు వెడల్పు ప్లాస్టిక్ పళ్లెం మీద తీగను చుట్లుచుట్లుగా, పాతిక దాకా, పరిచి ఉంటారు. కళ్ల దగ్గర పెట్టుకుని చూస్తే అది ఒంటి తీగ కాదు. వెంట్రుకకన్నా లావుగా ఉన్న పోగులు ఎన్నో కలిపి పేనిన తాడు. ఒక్కో పోగు మీదా విడివిడిగా ఎనామెల్ పూత. ఇంత శ్రమ ఎందుకంటే, గోడ ప్లగ్గులో వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూఇటూ ఊగుతుంది. ఈ కాయిల్లో పారేది ఇరవై వేల నుంచి నలభై వేల సార్లు ఊగుతుంది. అంత వేగంలో కరెంటు తీగ నడిమధ్యకు వెళ్లదు, పైచర్మం పట్టుకునే పోతుంది. రాగిలో ఆ చర్మం లోతు అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఒకే లావు తీగ వాడితే లోపలి రాగి అంతా దండగ, పైన మాత్రం రద్దీ, ఆ రద్దీలో వేడి. అందుకని సన్నటి పోగులుగా విడగొట్టి, మళ్లీ పేని, ప్రతి పోగుకూ పనిచెప్పారు. ధర తగ్గించాలని కొందరు రాగి బదులు అల్యూమినియం తీగ చుడతారు. అదీ పనిచేస్తుంది, కాకపోతే కాయిల్ తనే ఎక్కువ వేడెక్కుతుంది. ఆ భారం ఫ్యాను మీద పడుతుంది. కొనేవాడికి కనిపించని చోట మిగిల్చిన డబ్బు అది.

కాయిల్‌ను తిరగేస్తే అడుగున నల్లటి కడ్డీలు మధ్య నుంచి అంచుల దాకా అమర్చి ఉంటాయి. ఇవి ఫెర్రైట్. ఇనుప ఆక్సైడును పింగాణీలా కాల్చి చేసిన పదార్థం. అయస్కాంత క్షేత్రానికి సులువుగా దారి ఇస్తుంది, కరెంటును మాత్రం దాదాపు పారనివ్వదు. కాయిల్ కింద మామూలు ఇనుప రేకు పెట్టి ఉంటే గిన్నెకన్నా ముందు అదే కాలిపోయేది. ఫెర్రైట్ మాత్రం తను వేడెక్కకుండా, కిందికి పోబోయే క్షేత్రాన్ని పైకి తిప్పి పంపిస్తుంది. కింద ఉన్న బోర్డును కూడా కాపాడుతుంది. పింగాణీ గుణం కనుక స్టవ్ చేయిజారి పడితే ఈ కడ్డీలు విరుగుతాయి. పైన అద్దం బాగుందిగదా అనుకుంటాం.

ఇక గిన్నె. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన ప్రేరణ సూత్రాన్ని ఇంటర్లో అందరం బట్టీపట్టినవాళ్లమే. మారుతున్న అయస్కాంత క్షేత్రంలో లోహం ఉంటే దానిలో సుళ్లు తిరుగుతూ కరెంటు పుడుతుందని 1855లో ఫ్రాన్సులో ఫూకో చూపించాడు. ఆ సుడి కరెంట్లే మన పప్పు ఉడికిస్తున్నాయి. అయస్కాంతం అంటుకునే రకం స్టీలులోనూ, పోత ఇనుములోనూ ఇవి అడుగు చర్మంలోనే, మిల్లీమీటరులో పదో వంతు లోపలే ఇరుక్కుంటాయి. అంటే నోటుపుస్తకం కాగితమంత పొర. పారే చోటు ఇరుకు, లోహం నిరోధం ఎక్కువ. కనుక వేడి. అల్యూమినియంలో చోటు విశాలం, నిరోధం తక్కువ. కరెంటు పారుతుంది, వేడి మాత్రం చాలదు. అందుకే అమ్మమ్మల కాలంనాటి అల్యూమినియం తపేలాను, రాగి చెంబును ఈ పొయ్యి ఒప్పుకోదు. మట్టికుండ సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఒక చిన్న పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు. పలచటి అడుగున్న స్టీలు గిన్నెలో రెండు వేళ్ల ఎత్తు నీళ్లు పోసి స్టవ్ మీద పెట్టి, మూత పెట్టకుండా చూడండి. మొదటి బుడగలు గిన్నె నడిమధ్య లేవవు, అంచున లేవవు. వలయంగా లేస్తాయి. ఆ వలయం కింద ఉన్న కాయిల్ చుట్లకు నకలు. అద్దం విప్పకుండానే లోపలి కాయిల్ ఎంత వెడల్పో నీళ్లు గీసి చూపిస్తాయి.

అన్నిటికన్నా నాకు నచ్చిన భాగం బోర్డు మీద ఉంది. దాన్ని హీట్‌సింక్ కింద దాచేస్తారు కాబట్టి కనపడదు. మూడు కాళ్ల నల్లటి బిళ్ల, పేరు ఐజీబీటీ. దాని నెత్తిన హెచ్20ఆర్1203 లాంటి అక్షరాలు ఉంటాయి. చదవడం వచ్చినవాడికి అందులో 20 ఆంపియర్లు, 1200 వోల్టులు అని అర్థమవుతుంది. 230 వోల్టుల ఇంటి కరెంటుకు 1200 వోల్టులు తట్టుకునే స్విచ్చు ఎందుకు? ఇంటి కరెంటును డయోడ్లు ఒకే దిశకు తిప్పినప్పుడు అల పైకొస 325 వోల్టుల దాకా వెళ్తుంది. ఐజీబీటీ స్విచ్చు వేయగానే కాయిల్లో కరెంటు ఎక్కుతుంది. స్విచ్చు తీసేయగానే, పారుతున్న ఆ కరెంటు ఎటో ఒకవైపు పోవాలి గనుక, పక్కనే ఉన్న చిన్న కెపాసిటర్‌లోకి దూకుతుంది. మైక్రోఫారడ్‌లో మూడో వంతు కూడా ఉండని ఆ కెపాసిటర్ నిండేకొద్దీ ఐజీబీటీ మీద వోల్టేజి వెయ్యి దాకా లేచి, మళ్లీ దిగజారి సున్నాకు వస్తుంది. అది సున్నాకు వచ్చిన ఆ క్షణంలోనే స్విచ్చు మళ్లీ వేయాలి. తొందరపడి ముందే వేస్తే కెపాసిటర్‌లోని చార్జి మొత్తం ఐజీబీటీ గుండా దూసుకుపోయి దాన్ని కాల్చేస్తుంది. మెట్ట ఊళ్లలో మోటార్లు రాకముందు బావిలోంచి ఎద్దులతో నీళ్లు తోడే కపిల తోలినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు: బాన పైకొచ్చి నీళ్లు కుమ్మరించాక, తాడు మీద బరువు పోయినప్పుడే ఎద్దులను వెనక్కి నడిపించేవారు. ఇక్కడ ఆ వీలు చూసే పని ఒక కంపారేటర్‌ది. రెండు వోల్టేజీలను పోల్చి ఏది పెద్దదో చెప్పడం తప్ప దానికి ఇంకేమీ రాదు. సెకనుకు ముప్పై వేల సార్లు అదే పని, తప్పు లేకుండా. ఐజీబీటీ ఎప్పుడూ బరువు లేని వేళ చూసుకునే వేసుకుంటుంది కాబట్టి కిలోన్నర వాట్లు దాని గుండా పోతున్నా, అరచేతిలో పట్టే హీట్‌సింక్, కంప్యూటర్‌లో ఉండేలాంటి చిన్న ఫ్యాను దానికి సరిపోతున్నాయి.

స్టవ్ ఆన్ చేసినప్పుడు గిన్నె లోంచి వచ్చే ‘జుయ్’ మనే సన్నటి మోత చాలామందికి అనుమానం పుట్టిస్తుంది. ముప్పై వేల కంపనాలు మనిషి చెవికి అందవు. మరి ఈ మోత ఎక్కడిది? డయోడ్లు సరిచేసిన కరెంటును చదును చేయడానికి పెద్ద కెపాసిటర్ పెట్టవచ్చు. వీళ్లు కావాలనే 5 మైక్రోఫారడ్ల చిన్నది పెట్టారు. అందుకని పవరు సెకనుకు 100 సార్లు ఎగసిపడుతూ ఉంటుంది. గిన్నె అడుగు ఆ లయకు మోగుతుంది. పెద్ద కెపాసిటర్ పెడితే మోత తగ్గేదేమో కానీ ధర పెరుగుతుంది, లైను నుంచి కరెంటు లాగే తీరు చెడుతుంది. ఇది లోపంలా వినిపించే తెలివి.

గిన్నె ఉందో లేదో పొయ్యికి ఎలా తెలుస్తుందన్నది ఇంకో ముచ్చట. కెమెరా లేదు, తూకం లేదు. మైక్రోకంట్రోలర్ ఐజీబీటీని ఒక్క రెప్పపాటు వేసి వదిలేస్తుంది. కాయిల్, కెపాసిటర్ రెండూ కలిసి గుడి గంటలా మోగుతాయని కాదుగానీ, వాటి మధ్య కరెంటు అటూఇటూ ఊగుతూ నెమ్మదిగా చల్లారుతుంది. పైన గిన్నె లేకపోతే ఆ ఊపు చాలాసేపు సాగుతుంది. సరైన గిన్నె ఉంటే అది ఆ శక్తిని పీల్చేసుకుంటుంది కనుక కొన్ని ఊపులకే ఆగిపోతుంది. కంట్రోలర్ ఊపులు లెక్కపెడుతుంది. లెక్క ఎక్కువొస్తే ‘గిన్నె లేదు’ అని బీప్ కొడుతుంది. వేరే సెన్సర్ కొనకుండా, ఉన్న కాయిల్‌నే సెన్సర్‌గా వాడుకోవడం నిజంగా పొదుపు తెలిసిన పని.

అద్దం గురించి రెండు మాటలు. అది మామూలు అద్దం కాదు, గ్లాస్ సిరామిక్. వేడికి దాదాపు వ్యాకోచించదు, కాబట్టి కాలుతున్న గిన్నె దించిన చోట చన్నీళ్లు ఒలికినా మామూలు అద్దంలా పగలదు. పక్కలకు వేడిని పాకనివ్వదు. దాని అడుగున నడిమధ్య తెల్లటి పేస్టులో కూరుకున్న మిరియపు గింజంత థర్మిస్టర్ ఉంటుంది. గిన్నె వేడిని అద్దం గుండా పసిగట్టేది అదే. ఆ పేస్టు ఎండిపోతే, లేదా రిపేరు చేసినవాళ్లు మళ్లీ పూయడం మరిచిపోతే, పొయ్యి ఆలస్యంగా మేలుకుంటుంది. ఈలోపు పోపు మాడుతుంది.

బాగుచేసేవాళ్ల నేర్పును కూడా ఈ పనితనంలో కలపాలి. కాలిపోయిన ఐజీబీటీ, ఫ్యూజు మార్చాక స్టవ్‌ను నేరుగా ప్లగ్గులో పెట్టరు. వంద వాట్ల పాతకాలపు బల్బును వరసలో కలిపిన సీరీస్ బోర్డుకు తగిలిస్తారు. లోపల ఎక్కడైనా షార్టు మిగిలి ఉంటే కరెంటు మొత్తం బల్బు గుండానే పోయి అది వెలుగుతుంది, కొత్త ఐజీబీటీ బతికిపోతుంది. “బల్బు ఒక్కసారి మినుకుమని ఆరిపోయిందంటే బండి లైనులో ఉన్నట్టే అన్నా. వెలుగుతానే ఉందంటే మళ్లీ విప్పాల్సిందే,” అన్నాడు ఆత్మకూరు మెకానిక్ ఒకతను. ఎల్‌ఈడీలు వచ్చాక ఫిలమెంటు బల్బులు ఇళ్లలో పోయాయి; ఈ బల్లల మీద మాత్రం వాటి అవసరం తీరలేదు. ఈ స్టవ్వులను చంపేవాటిలో బొద్దింకలది పెద్ద వాటా. రాత్రిళ్లు వెచ్చగా ఉంటుందని గాలి రంధ్రాల్లోంచి దూరి బోర్డు మీద కాపురం పెడతాయి. కరెంటు పోయి వచ్చేటప్పుడు ఎగిరే వోల్టేజిది రెండో వాటా. వంటయ్యాక ప్లగ్గు తీసేయడం, స్టవ్‌ను గుడ్డ మీదో పేపరు మీదో పెట్టి అడుగు గాలిని మూసేయకపోవడం, ఈ రెండూ పాటిస్తే దాని ఆయుష్షు పెరుగుతుంది.

పొగడ్తలు చాలు. ఈ సింగిల్ ఐజీబీటీ డిజైనుకు ఒక మొండి బలహీనత ఉంది. పవరు బాగా తగ్గిస్తే ఆ సున్నా క్షణం దొరకదు. వోల్టేజి పూర్తిగా కిందికి దిగిరాదు. అప్పుడు వేసిన ప్రతిసారీ ఐజీబీటీ దెబ్బ తింటుంది. దాన్ని తప్పించడానికి కంపెనీలు దొడ్డిదారి పట్టాయి. మనం 300 వాట్లు నొక్కితే పొయ్యి వెయ్యి వాట్లతో కొన్ని సెకన్లు మండి, కొన్ని సెకన్లు పూర్తిగా ఆగుతుంది. సగటు సరిపోతుంది. పాలు, పాయసం మాత్రం సగటును ఒప్పుకోవు. పొంగి, చల్లబడి, మళ్లీ పొంగుతాయి. రెండు ఐజీబీటీలతో చేసే ఖరీదైన రకాల్లో ఈ ఇబ్బంది చాలావరకు లేదు. ఇక నెల్లూరు కారం దోసె. పోత ఇనుప పెనం ఈ పొయ్యికి ప్రాణం, కానీ కాయిల్ జానెడే. వలయం మీద దోసె ఎర్రగా కాలి, అంచులు తెల్లగా మిగిలిపోతాయి. పెనం ముందుగా తక్కువ మీద కాసేపు కాగనిస్తే కొంత నయం. గ్యాసు మంటతో సమానమని మాత్రం నేను అనను.

పెనం మాట వచ్చింది కాబట్టి గరిటె మాట. ఆత్మకూరుకు వాయవ్యాన ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చేతితో చేస్తారు. భౌగోళిక గుర్తింపు దక్కిన పని ఇది. ఎక్కువగా ముస్లిం కుటుంబాల్లో, అందులోనూ ఆడవాళ్ల చేతుల్లో నిలబడింది. దుర్గంపల్లి కొండల్లో దొరికే నర్ది, బిక్కి, కల్ది, దేవదారి, పాలబరికి చెక్కలు వాడతారు. ఇక్కడి దేవదారి హిమాలయాల దేవదారు కాదు, మెట్ట అడవుల్లో పెరిగే చిన్న చెట్టు. ఒక మంచి చెంచా చేతిలోకి తీసుకుంటే చూడాల్సింది కాడ మీది నగిషీ కాదు. గుంట అంచు ఎంత పలచగా వచ్చిందో, కాడ గుంటతో కలిసే మెడ దగ్గర చెక్క పోగులు తెగకుండా ఎలా సాగాయో చూడాలి. పోగు అడ్డంగా తెగిన చెంచా మొదటి ఉప్మాకే విరుగుతుంది. నాన్‌స్టిక్ పెనాలు, ఇండక్షన్ పొయ్యిలు ఇళ్లలోకి వచ్చాక ఈ గరిటెలకు కొత్త పని దొరికింది. అయస్కాంత క్షేత్రంలో స్టీలు గరిటె కాలిపోతుందని, అందుకే చెక్కది కొనాలని కొందరు అమ్మకందార్లు చెబుతుంటారు. అది అంత నిజం కాదు. గిన్నె అడుగే క్షేత్రాన్ని దాదాపు మొత్తం తాగేస్తుంది, లోపలున్న గరిటెకు మిగిలేది ఏమీ ఉండదు. స్టీలు గరిటె కాలేది కూర వేడికే. చెక్క గెలిచేది మామూలు కారణాలకే: పూతను గీరదు, వేడిని కాడ దాకా మోసుకురాదు. ఉదయగిరి పనికి ఈ రెండు నిజాలు చాలు, మూడో అబద్ధం అక్కర్లేదు.

లెక్కలకొస్తే, ఇండక్షన్ పొయ్యి లాగిన కరెంటులో సుమారు 85 శాతం గిన్నెకు చేరుతుంది. గ్యాసు స్టవ్‌కు మన భారతీయ ప్రమాణాలు పెట్టిన కనీస గీటు 68 శాతం. మంట గిన్నె అంచులు దాటితే ఇంట్లో ఆ మాత్రం కూడా రాదు. 30 డిగ్రీల నీళ్లు లీటరు మరగాలంటే, గిన్నె తాగే వేడి పక్కనపెడితే, 293 కిలోజౌళ్లు కావాలి. 1500 వాట్ల స్టవ్ మీద నాలుగు నిమిషాల లోపే అయిపోతుంది. ఖర్చు యూనిట్‌లో పదో వంతు. అయితే ఆ యూనిట్ ఎక్కడిది? ఇదే జిల్లా తూర్పు కొసన కృష్ణపట్నం దగ్గర, నేలటూరులో, దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో ఒక్కొక్కటి 800 మెగావాట్ల యూనిట్లు మూడు ఉన్నాయి. అలాంటి సూపర్‌క్రిటికల్ యూనిట్లలో కూడా బొగ్గు వేడిలో కరెంటుగా మారేది నలభై శాతం అటూఇటూ. లైను నష్టాలు కూడా తీసేస్తే బొగ్గు వేడిలో మూడో వంతు కూడా మన గిన్నెకు చేరదు. పొయ్యి పొదుపరి, దాని వెనకున్న బాయిలర్ కాదు. ఇంటి కప్పు మీద సోలారు పలకలున్నవాళ్లకు పగటి వంటలో ఈ లెక్క మారిపోతుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈఈఎస్‌ఎల్ 2023 నవంబరులో 20 లక్షల ఇండక్షన్ పొయ్యిలు పంచే పథకం ప్రకటించింది. అలాంటి పథకాల్లో పొయ్యితోపాటు దానికి పనికొచ్చే గిన్నెలు రెండైనా ఇవ్వకపోతే అది అటక ఎక్కుతుంది.

ఇదే సూత్రాన్ని ఇంకా చిన్న వస్తువులోకి దించినవాళ్లు ఉన్నారు. ఆత్మకూరు బల్ల మీద వాడే సోల్డరింగ్ ఐరన్ లోపల నైక్రోమ్ తీగ ఉంటుంది. తీగ వేడెక్కి, ఆ వేడి కొనకు పాకాలి. అమెరికాలో మెట్‌కాల్ కంపెనీ 1980లలో వేరే దారి తొక్కింది. కొన లోపల రాగి, దాని చుట్టూ అయస్కాంత గుణమున్న మిశ్రలోహం పలచటి పొర. చుట్టూ ఉన్న బుల్లి కాయిల్లో సెకనుకు కోటీ ముప్పై అయిదు లక్షల పైచిలుకు సార్లు అటూఇటూ ఊగే కరెంటు. మొదట వేడంతా ఆ పై పొరలోనే పుడుతుంది, కొన కొన్ని సెకన్లలో సిద్ధం. ప్రతి అయస్కాంత లోహానికీ ఒక గడప ఉంటుంది, క్యూరీ ఉష్ణోగ్రత అంటారు. అది దాటితే అయస్కాంత గుణం పోతుంది. కొన ఆ గడపకు చేరగానే కరెంటు పై పొర వదిలి లోపలి రాగిలోకి దిగుతుంది. రాగిలో నిరోధం తక్కువ కనుక వేడి పుట్టడం పడిపోతుంది. కొన కాస్త చల్లారితే పొరకు గుణం తిరిగొస్తుంది, వేడి మళ్లీ పెరుగుతుంది. థర్మిస్టర్ లేదు, కంట్రోలర్‌కు లెక్కలు లేవు, తిప్పడానికి బటన్ లేదు. ఎంత వేడి కావాలో లోహాన్ని కరిగించి కలిపిన రోజే తేల్చేశారు. వేడి ఎక్కడ పుట్టాలి, ఎప్పుడు ఆగాలి అన్న రెండు ప్రశ్నలకూ ఒకే పొర జవాబు చెప్పడం నేను చూసిన వాటిలోకెల్లా శుభ్రమైన పని.

అంత ఖరీదైన పనిముట్టు మన ఊళ్లకు రాలేదని బాధపడక్కర్లేదు. దాని తమ్ముడు మామూలు రైస్ కుక్కర్‌లో ఉన్నాడు. ప్లేటు నడుమ స్ప్రింగు మీద కూర్చున్న బిళ్లలో ఒక ఫెర్రైట్ ముక్క, సుమారు 103 డిగ్రీల దగ్గర అయస్కాంత గుణం వదిలేసేలా చేసినది. నీళ్లున్నంతసేపు గిన్నె వంద దాటదు. నీళ్లు అన్నంలో ఇంకిపోగానే వేడి పైకి ఎగబాకుతుంది, ఫెర్రైట్ పట్టు వదులుతుంది, స్ప్రింగు లాగేసుకుని స్విచ్చు ‘టక్’ మని పడుతుంది. ఆ బిళ్లకూ గిన్నెకూ మధ్య ఎండిన మెతుకు ఒక్కటి అడ్డుపడినా వేడి ఆలస్యంగా తెలుస్తుంది. అన్నం అడుగంటుతోందని కుక్కర్ పట్టుకొస్తే మెకానిక్ స్క్రూడ్రైవర్ తీయడు. ముందు బొటనవేలి గోటితో ఆ బిళ్ల మీద గీకి చూస్తాడు.